అమ్మానాన్నలతో కలిపి ఒకే హెల్త్ పాలసీ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం. విజయవాడలో ఉంటున్నాం. నా భార్యకు 33, పాపకు ఆరేళ్లు. నాన్నకు 64, ఎనిమిదేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. అమ్మకు 59. థైరాయిడ్ ఉంది, మోకాళ్ల నొప్పులకు రెండేళ్లుగా డాక్టరుకు చూపిస్తున్నాం. వాళ్లిద్దరూ తెనాలిలో ఉంటారు. మా కంపెనీ ఐదుగురికీ కలిపి 5 లక్షల బీమా ఇచ్చింది. అది చాలదా? తెలిసిన ఏజెంటు ఒకాయన ఐదుగురికీ కలిపి కోటి రూపాయల ఫ్లోటర్ (ఇంట్లో అందరూ ఒకే మొత్తాన్ని పంచుకునే పాలసీ) తీసుకోమంటున్నాడు. నాన్న షుగరు సంగతి ఫారంలో రాయనక్కర్లేదని, ఐదేళ్లు దాటితే బీమా కంపెనీ ఏమీ అడగలేదని చెబుతున్నాడు. ఏడాదికి 40 వేలకు మించి పెట్టలేను. ఏం చెయ్యమంటారు?
— పేరు రాయవద్దన్న పాఠకుడు

సమాధానం: ముందుగా ఆ షుగరు సంగతి తేల్చుకుందాం. మీ ఉత్తరంలో అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా అదే.

ఏజెంటు చెప్పిన ఐదేళ్ల నిబంధన నిజంగానే ఉంది. పాలసీ వరుసగా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత జబ్బు దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిము కొట్టేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధన పెట్టింది. అంతకుముందు ఇది ఎనిమిదేళ్లు. అయితే మోసం అని రుజువైతే ఈ రక్షణ వర్తించదు. తెలిసి తెలిసి షుగరు లేదని సంతకం పెట్టడాన్ని మోసంగా చూపించడానికి కంపెనీకి దారి ఉంటుంది. పైగా ఆ ఐదేళ్లూ మీ నాన్నగారు ఆసుపత్రి గడప తొక్కకుండా ఉండాలి. 64 ఏళ్ల షుగరు పేషెంటు విషయంలో అలాంటి పందెం కాయడం తగదు.

దాచిన జబ్బు ఎలా బయటపడుతుందో చూడండి. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు కేస్ షీట్‌లో పాత జబ్బుల చరిత్ర రాస్తారు. పక్కన ఉన్నవాళ్లు "ఎనిమిదేళ్లుగా షుగరుందండీ, ఫలానా మాత్ర వాడుతున్నారు" అంటారు. అనాలి కూడా, లేకపోతే వైద్యమే తప్పుదారి పడుతుంది. ఆ ఒక్క వాక్యమే డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది. క్లెయిము చూసే డాక్టరు మొదట వెతికేది ఆ వాక్యాన్నే. పాలసీ ఎప్పుడు మొదలైంది, జబ్బు ఎన్నాళ్లుగా ఉంది, ఫారంలో ఏం రాశారు అన్న మూడింటినీ పక్కపక్కన పెట్టుకుంటారు. లెక్క తప్పితే ఆ క్లెయిముతో పాటు పాలసీయే రద్దు కావచ్చు. ఒకసారి అలా రద్దయితే ఇంకో కంపెనీ దగ్గర పాలసీ దొరకడం కష్టం, ఎందుకంటే "గతంలో ఏ కంపెనీ అయినా మీ పాలసీ రద్దు చేసిందా?" అన్న ప్రశ్న సాధారణంగా ప్రతి ఫారంలోనూ ఉంటుంది.

చెప్పి తీసుకుంటే ఏమవుతుంది? పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ పెడతారు. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం అది మూడేళ్లు దాటకూడదు. ఇదివరకు నాలుగేళ్లు ఉండేది. ఆ మూడేళ్లలో షుగరు, బీపీ, వాటి మూలంగా వచ్చే సమస్యలకు డబ్బు రాదు. మొదటి నెల దాటాక డెంగీ వచ్చినా, ఎప్పుడు ప్రమాదం జరిగినా వస్తుంది. మూడేళ్లు నిండాక షుగరు వల్ల కిడ్నీ దెబ్బతిన్నా కంపెనీ కట్టాల్సిందే. ప్రీమియం కాస్త పెంచవచ్చు, కొన్ని కంపెనీలు పాలసీ ఇవ్వకపోనూవచ్చు. ఒకరు కాదంటే ఇంకొకరిని అడుగుదురుగాని, అబద్ధం మాత్రం రాయకండి. షుగరు, బీపీలకు 31వ రోజు నుంచే కవరేజీ ఇచ్చే ప్లాన్లు, అదనపు ప్రీమియంతో ఈ వెయిటింగ్‌ను తగ్గించే రైడర్లు (పాలసీకి కలుపుకునే అదనపు సౌకర్యాలు) కూడా కొన్ని కంపెనీల దగ్గర ఉన్నాయి. మీ నాన్నగారి కోసం కోట్ అడిగేటప్పుడు ఈ సంగతి విడిగా అడగండి.

ఫారం మీరే నింపండి. ఏజెంటు నింపి ఓటీపీ చెప్పమంటే చెప్పకండి, ఆ ఓటీపీయే మీ సంతకం. తర్వాత కంపెనీ నుంచి వచ్చే ఫోన్‌కాల్ రికార్డవుతుంది. అందులో చెప్పేదీ ఫారంలో రాసిందీ ఒకటే కావాలి. పాలసీ వచ్చాక ప్రపోజల్ (మీరు నింపిన ఫారం) కాపీ తెరిచి ప్రతి జవాబూ చూడండి. తప్పుంటే రాతపూర్వకంగా దిద్దించండి. కొత్త పాలసీకి 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది. నచ్చకపోతే ఈలోగా వెనక్కి ఇచ్చేయవచ్చు. వైద్య పరీక్షలు, స్టాంపు డ్యూటీ, బీమా నడిచిన రోజుల ఖర్చు మినహాయించి మిగతాది తిరిగిస్తారు.

ఇక ఆఫీసు బీమా. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. గ్రూపు పాలసీల్లో సాధారణంగా పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది, వెయిటింగ్ ఉండదు. మీ అమ్మానాన్నలకు ఇవాళ ఉన్న అతి విలువైన రక్షణ అదే. దాని బలహీనత వేరే చోట ఉంది. అది మీ ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. రాజీనామా చేసినా, కంపెనీ తీసేసినా సాధారణంగా ఆఖరి పనిదినంతో అది ముగిసిపోతుంది. వచ్చే ఏడాది మీ యాజమాన్యం తల్లిదండ్రులను జాబితా నుంచి తీసేసినా, గది అద్దెకు పరిమితి పెట్టినా మీరు చేయగలిగేది ఉండదు. పైగా 5 లక్షలు ఐదుగురికి. నాన్నగారికి గుండె ఆపరేషన్ అయిన ఏడాది పాపకు జ్వరం వస్తే ఖర్చు మీ జేబులోంచే.

కాబట్టి ఆఫీసు బీమా ఉండగానే సొంత పాలసీ మొదలుపెట్టాలి. అసలు లాభం అక్కడే ఉంది. వెయిటింగ్ పీరియడ్ల గడియారం సొంత పాలసీ మీద నడుస్తూ ఉంటుంది, ఆ మూడేళ్లూ పాత జబ్బులకు ఆఫీసు బీమా కాపు కాస్తుంది. ఉద్యోగం పోయాక పరుగెత్తితే మూడేళ్లు ఏ రక్షణా లేకుండా గడపాల్సి వస్తుంది. ఒకవేళ సొంత పాలసీ తీసుకోకముందే ఉద్యోగం మారాల్సి వస్తే, గ్రూపు పాలసీ ఇచ్చిన బీమా కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారే సౌకర్యం అడగండి. గ్రూపులో గడిచిన కాలాన్ని వెయిటింగ్‌లో కలుపుకోవచ్చు. ఆ దరఖాస్తు ఆఖరి పనిదినానికి ముందే హెచ్‌ఆర్ ద్వారా వెళ్లాలి.

ఐదుగురికీ ఒకే ఫ్లోటర్ మాత్రం వద్దు. ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి లెక్కగడతారు. 64 ఏళ్ల మనిషి చేరితే మీ ముగ్గురి భారం కూడా ఆ మెట్టు మీద నుంచే మొదలవుతుంది. నాన్నగారు క్లెయిము చేసిన ఏడాది క్లెయిము లేని ఏళ్లకు వచ్చే అందరి బోనసూ తగ్గవచ్చు. ఆయన జబ్బుల కారణంగా కంపెనీ దరఖాస్తునే తిరస్కరిస్తే మీ ముగ్గురికీ పాలసీ ఆగిపోతుంది. మీకు, భార్యకు, పాపకు ఒక ఫ్లోటర్. అమ్మకు విడిగా ఒకటి, నాన్నకు విడిగా ఒకటి. ఇద్దరినీ కలిపి ఒక ఫ్లోటర్ తీసుకుంటే కాస్త చవక అవుతుంది కానీ, అమ్మ ఆరోగ్యం మెరుగ్గా ఉంది కాబట్టి ఆమె పాలసీని నాన్నగారి రిస్కుతో కట్టేయడం మంచిది కాదు.

కోటి రూపాయల అంకె గురించి. పెద్ద అంకె వినడానికి ధైర్యంగానే ఉంటుంది. క్లెయిములు దెబ్బతినేది అంకె చాలకపోవడం కంటే షరతుల వల్లే ఎక్కువ. అందుకే మొత్తం ఎంత అన్నది తర్వాత చూసి, కోతలు ఎక్కడ పడతాయన్నది ముందు చూడండి.

మొదటి కోత గది అద్దె దగ్గర. "రోజుకు సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం" అని రాసి ఉంటే (సమ్ ఇన్సూర్డ్ అంటే బీమా మొత్తం), 5 లక్షల పాలసీకి 5 వేల గది. మీరు 8 వేల గదిలో నాలుగు రోజులు ఉన్నారనుకోండి. గది అద్దె 32 వేలు. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు, నర్సింగ్ కలిపి 1,60,000. మందులు, పరీక్షలు, ఇంప్లాంటు 90 వేలు. బిల్లు 2,82,000. గదికి కంపెనీ ఇచ్చేది 20 వేలు. తేడా 12 వేలే కదా, మనమే పెట్టుకుందాం అనుకుంటారు. అక్కడితో ఆగదు. అర్హత ఉన్న గది 5 వేలు, తీసుకున్నది 8 వేలు కాబట్టి డాక్టర్ల ఫీజులు, థియేటరు లాంటి ఖర్చులను కూడా 5కి 8 నిష్పత్తిలోనే లెక్కిస్తారు. 1,60,000 కాస్తా లక్ష అవుతుంది. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లకు ఈ కోత వర్తించకూడదని నిబంధన ఉంది, కాబట్టి 90 వేలూ వస్తాయి. మొత్తం వచ్చేది 2,10,000. మీరు కట్టేది 72 వేలు. చాలా ఆసుపత్రుల్లో గది స్థాయిని బట్టి సర్జన్ ఫీజు కూడా మారుతుంది, అందుకే కంపెనీలు ఇలా లెక్కిస్తాయి. గదిని బట్టి ఫీజు మారని ఆసుపత్రిలో ఈ నిష్పత్తి కోత వేయకూడదు. బిల్లింగ్ కౌంటర్లో ఆ మాట రాయించుకుంటే తర్వాత వాదించుకోవడానికి పనికొస్తుంది.

కాబట్టి మీ ముగ్గురి పాలసీలో గది అద్దెకు పరిమితి ఉండకూడదు. కనీసం "సింగిల్ ప్రైవేట్ ఏసీ గది" అని ఉండాలి. రూపాయల్లో పరిమితి పెట్టిన పాలసీ ఇవాళ సరిపోయినట్టు కనిపించినా పదేళ్ల తర్వాత ఆ మొత్తానికి గది దొరకదు.

రెండో కోత కో-పే. 20 శాతం కో-పే అంటే 6 లక్షల బిల్లులో 1,20,000 మీది, ఎన్ని క్లెయిములైతే అన్నిసార్లు. మీ ముగ్గురికీ కో-పే లేనిదే తీసుకోండి. నాన్నగారి విషయంలో పట్టు కాస్త సడలించవచ్చు, ఆ సంగతి కింద రాశాం. జోన్ కో-పే అని ఇంకొకటి ఉంది. కొన్ని కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడగొట్టి చిన్న ఊళ్లవాళ్లకు ప్రీమియం తగ్గిస్తాయి. తెనాలి చిరునామాతో చవగ్గా పాలసీ తీసుకుని హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మీ మీద పడుతుంది. పెద్ద వైద్యానికి హైదరాబాద్ వెళ్లే అవకాశం ఉంటే పై జోన్ ప్రీమియం కట్టడమే మేలు.

మూడోది జబ్బులవారీ పరిమితులు. కంటి శుక్లాలకు కంటికి ఇంత, మోకాలి మార్పిడికి ఇంత, రోబోటిక్ ఆపరేషన్‌కు ఇంత అని పట్టిక ఉంటుంది. అమ్మగారికి మోకాళ్ల సమస్య ఉంది కాబట్టి ఆ వరుస తప్పకుండా చదవండి. అన్నట్టు, మోకాలి మార్పిడి, శుక్లాలు, హెర్నియా, మొలలు, కిడ్నీలో రాళ్లు, గర్భసంచి తొలగింపు వంటివాటికి పాత జబ్బు కాకపోయినా చాలా పాలసీల్లో రెండేళ్ల వెయిటింగ్ ఉంటుంది. రెండు వెయిటింగ్‌లూ వర్తిస్తే ఏది పొడవైతే అదే లెక్క. అమ్మ మోకాళ్లకు ఇప్పటికే వైద్యం జరుగుతోంది కనుక మూడేళ్ల లెక్కే వేసుకోండి. ప్రమాదంలో మోకాలు దెబ్బతింటే మాత్రం ఈ వెయిటింగ్ ఉండదు.

గ్లౌజులు, సిరంజీలు, మాస్కులు, డిస్పోజబుల్ సామాను లాంటివి మామూలుగా బీమాలో రావు. పెద్ద ఆపరేషన్ బిల్లులో ఇవే వేలల్లోకి వెళ్తాయి. వాటిని కలిపే కన్జ్యూమబుల్స్ రైడర్ తీసుకోదగ్గది. రోజుకు ఇంతని చేతికిచ్చే హాస్పిటల్ క్యాష్, ఓపీ కవరేజీ, జిమ్ పాయింట్లు, విదేశీ వైద్యం లాంటివాటిని మీ బడ్జెట్‌లో పక్కన పెట్టేయండి. ఓపీ కవరేజీకి కట్టే అదనపు ప్రీమియం దాదాపు దాని పరిమితికి దగ్గరగా ఉంటే, ఆ డబ్బు మీ దగ్గరే ఉండనివ్వండి.

ఇప్పుడు మొత్తం ఎంత ఉండాలో చెప్పుకుందాం. మీ ముగ్గురికీ 10 లక్షల బేస్ ఫ్లోటర్, దాని మీద 10 లక్షల డిడక్టిబుల్‌తో ఒక సూపర్ టాప్-అప్ తీసుకోండి. డిడక్టిబుల్ అంటే ఆ మొత్తం దాకా వేరే పాలసీగానీ మీరుగానీ భరించాలి, ఆపైది టాప్-అప్ కంపెనీ కడుతుంది. కింది మొత్తం వాళ్ల మీద పడదు కాబట్టి ప్రీమియం చాలా తక్కువ. అందుకే బేస్ పాలసీనే కోటికి పెంచడం కంటే ఇది ఎక్కువగా కలిసొస్తుంది. అడిగేటప్పుడు "సూపర్" అన్న మాట ఖచ్చితంగా ఉండాలి. మామూలు టాప్-అప్ ప్రతి బిల్లునూ విడిగా చూస్తుంది. 5 లక్షల డిడక్టిబుల్ ఉండి, ఒకే ఏడాదిలో 4 లక్షల బిల్లులు రెండు వచ్చాయంటే ఏదీ 5 దాటలేదు కనుక మామూలు టాప్-అప్ పైసా ఇవ్వదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తం కలిపి 8 లక్షలుగా చూసి 3 లక్షలిస్తుంది. వీలైతే బేస్ పాలసీ ఇచ్చిన కంపెనీ దగ్గరే ఇదీ తీసుకోండి. వేరే కంపెనీ అయితే మొదటి కంపెనీ సెటిల్‌మెంట్ లెటరు, ఆసుపత్రి ముద్ర వేసిన బిల్లుల కాపీలు పట్టుకుని రెండో దరఖాస్తు పెట్టుకోవాలి.

రీస్టోరేషన్ అని ప్రకటనల్లో కనిపిస్తుంది, అంటే అయిపోయిన మొత్తం మళ్లీ నింపడం. అదే మనిషికి, అదే జబ్బుకు కూడా నింపుతారా? మొత్తం పూర్తిగా అయిపోతేనా, కొంత అయినా నింపుతారా? ఈ రెండూ అడిగితే చాలు.

అమ్మానాన్నల పాలసీల దగ్గరే మీ 40 వేలకు ఇబ్బంది వస్తుంది. కోట్లు తెప్పించుకునేటప్పుడు చూసుకోవాల్సిన మార్పు ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్లోటర్ హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. అంతకుముందు 18 శాతం ఉండేది. పాత లెక్కలతో ఎవరైనా జీఎస్టీ కలిపి చెబితే ఒప్పుకోకండి. ఆఫీసు గ్రూపు పాలసీకి మాత్రం జీఎస్టీ ఉంది, తల్లిదండ్రుల వాటా ప్రీమియం మీ జీతంలోంచి కోస్తుంటే అందులో అదీ ఉంటుంది.

ముందు మీ ముగ్గురి ఫ్లోటర్, సూపర్ టాప్-అప్ కోట్లు తీసి 40 వేలలోంచి తీసేయండి. తర్వాత అమ్మది. మిగిలినదాంట్లో నాన్నగారి పూర్తి పాలసీ సరిపోతే సంతోషమే. సరిపోకపోతే ఆయన పేరిట 5 లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాప్-అప్ ఒక్కటైనా తీసుకోండి. ఆఫీసు బీమా 5 లక్షలు కింద ఉంటుంది, పైన ఇది. వెయిటింగ్ గడియారం కూడా నడవడం మొదలవుతుంది. ఉద్యోగం పోతే కింది 5 లక్షలు ఖాళీ అవుతాయన్నది ఇందులో నిజమైన లోటు. కొన్ని కంపెనీలు కొన్నేళ్ల తర్వాత డిడక్టిబుల్ తీసేసి పూర్తి పాలసీగా మార్చుకోనిస్తాయి. ఆ వీలున్నదాన్నే ఎంచుకోండి.

ఇంకో దారి ఆరోగ్య సంజీవని. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఈ ప్రామాణిక పాలసీకి ఏ కంపెనీలోనైనా షరతులు ఒకటే, ప్రీమియమే తేడా. అందుకే ధరలు పోల్చడం తేలిక. 5 శాతం కో-పే, గది అద్దె సమ్ ఇన్సూర్డ్‌లో 2 శాతం చొప్పున రోజుకు 5 వేలకు మించకుండా, శుక్లాలకు కంటికి 40 వేలు లేదా సమ్ ఇన్సూర్డ్‌లో పావు వంతు, ఏది తక్కువైతే అది. తెనాలి, గుంటూరు ఆసుపత్రుల్లో గది 5 వేల లోపు దొరికితే నాన్నగారికి ఇది పనికొచ్చే పాలసీ. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో గది పరిమితి దెబ్బ పైన చెప్పినట్టే తగులుతుంది.

నాన్నగారి ప్రీమియం తగ్గించుకోవాలంటే మొదట డిడక్టిబుల్ పెంచండి, తర్వాత 10 నుంచి 20 శాతం దాకా కో-పే ఒప్పుకోండి, ఆ తర్వాతే మొత్తం తగ్గించండి. 60 దాటినవాళ్ల ప్రీమియాన్ని ఐఆర్‌డీఏఐని సంప్రదించకుండా ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదని 2025 జనవరిలో ఆదేశాలు వచ్చాయి. దాన్నిబట్టి రాబోయే ఏళ్ల లెక్క వేసుకోవచ్చు.

ప్రభుత్వ పథకాలను మరిచిపోకండి. అమ్మానాన్నల రేషన్ కార్డు మీతో కాక విడిగా ఉందా? ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవకు అర్హత ఉందేమో సచివాలయంలో కనుక్కోండి. నాన్నగారికి 70 నిండగానే ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద ఏడాదికి 5 లక్షల వైద్యం ఉంది. 2024 అక్టోబరులో మొదలైన ఈ సౌకర్యం ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. అంటే డిడక్టిబుల్ కింద ఉన్న ఖాళీ ఆరేళ్ల తర్వాత చాలావరకు పూడుతుంది. పథకంలో చేరిన ఆసుపత్రికే వెళ్లాలన్నది గుర్తుంచుకోండి.

పన్ను కోసం పాలసీ కొనే పని లేదు. పాత పన్ను విధానంలో ఉంటేనే ప్రీమియం మీద ఆదాయపు పన్ను మినహాయింపు దొరుకుతుంది. మీ ముగ్గురి ప్రీమియానికి 25 వేల దాకా, తల్లిదండ్రుల్లో 60 దాటినవారు ఉన్నారు కనుక వాళ్లకు 50 వేల దాకా. నగదుగా కడితే వర్తించదు. కొత్త విధానంలో ఏమీ రాదు.

కంపెనీని ఎంచుకునేటప్పుడు ప్రకటనల్లోని "99 శాతం క్లెయిములు" లాంటి మాటలు చూసి నమ్మకండి. అడిగినదాంట్లో సగం కోసి ఇచ్చినా అది సెటిలైన క్లెయిము కిందే లెక్కవుతుంది. ఐఆర్‌డీఏఐ వార్షిక నివేదికలో ప్రతి కంపెనీకీ ఇన్‌కర్డ్ క్లెయిమ్ రేషియో ఉంటుంది. వసూలు చేసిన ప్రతి వంద రూపాయల ప్రీమియంలో క్లెయిములకు ఎంత పోయిందో అది చెబుతుంది. మరీ తక్కువైతే జనానికి చేరేది తక్కువని అర్థం. వంద దాటితే రేపు ప్రీమియం పెరుగుతుందని అనుకోవాలి. ఒక్క ఏడాది కాదు, మూడేళ్లవి చూడండి. దీనికంటే పనికొచ్చేది ఇంకొకటుంది. తెనాలిలో, విజయవాడలో మీరు నిజంగా వెళ్లే ఆసుపత్రుల ఇన్సూరెన్స్ డెస్క్‌కు వెళ్లి, "ఈ కంపెనీ క్యాష్‌లెస్ నడుస్తోందా? డిశ్చార్జి రోజు అప్రూవల్ ఎంతసేపట్లో వస్తోంది?" అని అడగండి. నిబంధన ప్రకారం చేరేటప్పుడు గంటలో, డిశ్చార్జికి మూడు గంటల్లో కంపెనీ జవాబివ్వాలి. ఏ కంపెనీ ఇస్తోందో ఆ డెస్క్ దగ్గర కూర్చునేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అలాగే కంపెనీ వెబ్‌సైట్లో మినహాయించిన ఆసుపత్రుల జాబితా ఉంటుంది. వాటిలో చేరితే అత్యవసర పరిస్థితిలో తప్ప రీయింబర్స్‌మెంట్ (మీరు కట్టి తర్వాత తెచ్చుకునే డబ్బు) కూడా రాదు.

పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అనే కొద్ది పేజీల కాగితం ఇస్తారు. 2024 జనవరి నుంచి కొత్త రూపంలో ఇది తప్పనిసరి. వెయిటింగ్, ఉప పరిమితులు, కో-పే, మినహాయింపులన్నీ అందులో ఒకేచోట ఉంటాయి. కావాలంటే తెలుగులో ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. కొనకముందే నమూనా తెప్పించుకుని, ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. ఏజెంటు నోటిమాటగా ఏది చెప్పినా "ఇందులో ఎక్కడుందో చూపించండి" అనండి.

ఆసుపత్రిలో చేరే రోజు విషయాలు కొన్ని. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే కనీసం 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 24 గంటల్లోపు కంపెనీకి తెలియజేయండి. చేరే ముందూ, డిశ్చార్జి తర్వాతా అయిన పరీక్షలు, మందుల బిల్లులు పాలసీ చెప్పిన రోజుల లోపువైతే విడిగా వస్తాయి, ప్రిస్క్రిప్షన్లతో సహా దాచండి. డిశ్చార్జి సమ్మరీని ఇంటికెళ్లాక కాదు, బిల్లు కట్టకముందే చదవండి. ఎనిమిదేళ్ల షుగరును పద్దెనిమిది అని టైపు చేసినా, నిన్న మొదలైన నొప్పిని "చాలాకాలంగా" అని రాసినా, వైద్యం చేసిన డాక్టరు సంతకంతో అక్కడికక్కడే సరిచేయించుకోండి. నెల తర్వాత తెచ్చిన దిద్దుబాటు కాగితాన్ని కంపెనీ అనుమానంగా చూస్తుంది.

క్లెయిము కొట్టేస్తే ఏ షరతు ప్రకారమో రాతలో అడగండి. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్లోగానీ, 155255 నంబరుకుగానీ ఫిర్యాదు ఇవ్వవచ్చు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, ఆంధ్రప్రదేశ్ ఆయన పరిధిలోనే ఉంది. 50 లక్షల వరకు వివాదాలు వింటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.

రెన్యువల్ తేదీని ఫోన్‌లో పెట్టుకోండి. ఏడాది పాలసీకి 30 రోజుల గ్రేస్ ఉంటుంది. అప్పటికి కడితే గడిచిన వెయిటింగ్ కాలం పోదు కానీ, ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రి పాలైతే డబ్బు రాదు. కంపెనీ నచ్చక మారాలనుకుంటే రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందే పోర్టింగ్ దరఖాస్తు పెట్టండి. కొత్త కంపెనీ ఒప్పుకున్నాకే పాతదాన్ని వదలండి.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది అమ్మగారి పాలసీ. చాలా ప్లాన్లలో 60 దాటాక చేరినవాళ్లకు తప్పనిసరి కో-పే మొదలవుతుంది, అంతకుముందే చేరితే కొన్నిటిలో జీవితాంతం ఉండదు. ఆమె పుట్టినరోజు ఆధార్‌లో ఏ తేదీగా ఉందో ఇవాళే చూడండి. సాధారణంగా కంపెనీ దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. వైద్య పరీక్షలకు, కంపెనీ నిర్ణయానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు కాబట్టి, ఆ తేదీకి కనీసం నెల ముందు ఆమె ప్రపోజల్, థైరాయిడ్, మోకాళ్ల రిపోర్టులతో సహా, కంపెనీకి చేరాలి.